సొంత సర్వర్ల మీద ప్రైవేట్ క్లౌడ్: అపోహలు - వాస్తవాలు

హన్మకొండ, కరీంనగర్ వైపు కాలేజీలకు, ఆసుపత్రులకు సర్వర్లు పెట్టడం నా పని. ఒకే సర్వర్‌ను చాలా కంప్యూటర్లలా (వర్చువల్ మెషీన్లుగా) వాడుకునే సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్‌ను 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కొన్నాక శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగి అంతా సబ్‌స్క్రిప్షన్ అయింది. అప్పటి నుంచి, కోడ్ అందరికీ అందుబాటులో ఉండే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో సొంత సర్వర్ల మీదే క్లౌడ్ పెట్టుకోవచ్చా అని అడిగేవాళ్లు పెరిగారు. నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు. అయితే అసలు కష్టం సాఫ్ట్‌వేర్‌లో లేదు, సర్వర్ గదిలో ఉంది.

అపోహ: క్లౌడ్ అంటే ఓపెన్‌స్టాకే.

2010లో నాసా, రాక్‌స్పేస్ కలిసి మొదలుపెట్టిన ఓపెన్‌స్టాక్ అనే ఓపెన్‌సోర్స్ క్లౌడ్ సాఫ్ట్‌వేర్ గట్టిదే. సెర్న్ పరిశోధనశాల 2013 నుంచి వాడుతోంది. కానీ దాన్ని చూసుకోవడానికి ఒక టీమ్ కావాలి. ఇరవై ముప్పై వర్చువల్ మెషీన్లు, ఒక్క అడ్మిన్ ఉన్నచోట ప్రాక్స్‌మాక్స్ అనే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ చాలు. విద్యార్థులే లాగిన్ అయి మెషీన్లు తీసుకునే పోర్టల్ కావాలంటే ఓపెన్‌నెబ్యులా, క్లౌడ్‌స్టాక్ చూడండి.

అపోహ: రెండు సర్వర్లుంటే ఒకటి పోయినా రెండోది నడిపిస్తుంది.

క్లస్టర్, అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపు, ఆ సర్వర్ల ఓట్ల మీద నడుస్తుంది. సగానికి మించి ఓట్లు ఉంటేనే నిర్ణయం తీసుకుంటుంది. రెండింట్లో ఒకటి పడిపోతే మిగిలేది సరిగ్గా సగం, అది సరిపోదు. మూడో సర్వర్ పెట్టండి. బడ్జెట్ లేకపోతే చిన్న కంప్యూటర్‌తోనైనా మూడో ఓటు ఇప్పించండి.

అపోహ: యూపీఎస్ ఉంది కదా, కరెంటు పోయినా టెన్షన్ లేదు.

దీని దగ్గర కాస్త ఆగుదాం. సర్వర్లన్నీ యూపీఎస్ మీద ఉంటాయి, నెట్‌వర్క్ స్విచ్ ప్లగ్ మాత్రం గోడ సాకెట్‌లో ఉంటుంది. కరెంటు పోగానే స్విచ్ ఆరిపోతుంది, సర్వర్లకు ఒకదానితో ఒకటి మాట తెగిపోతుంది. హై అవైలబిలిటీ (ఒక సర్వర్ పడిపోతే దాని మెషీన్లను ఇంకో సర్వర్ మీద లేపే ఏర్పాటు) పెట్టి ఉంటే నిమిషం తిరిగేసరికి అవి వాటంతటవే రీబూట్ అవుతాయి. డేటా పాడవకుండా అలా చేయడమే వాటి పద్ధతి. బయటికి మాత్రం యూపీఎస్ మీదున్న సర్వర్లు కారణం లేకుండా పడిపోయినట్టు కనిపిస్తుంది. ముందు ఆ ప్లగ్ మార్చండి. తర్వాత ఏసీ సంగతి. మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరే మన వైపు, జనరేటర్ మీద సర్వర్లు నడుస్తూ ఏసీ ఆగితే గది త్వరగా వేడెక్కుతుంది. ఏసీ కూడా జనరేటర్ లైన్‌లో ఉందో లేదో మెయిన్ ఆపి చూడండి, కాగితం మీద కాదు.

అపోహ: సెఫ్‌లో మూడు కాపీలుంటాయి, బ్యాకప్ ఎందుకు?

సెఫ్ అంటే డేటాను అన్ని సర్వర్ల డిస్కుల్లో పంచి దాచే సాఫ్ట్‌వేర్. ఆ మూడు కాపీలు డిస్కు, సర్వర్ చెడిపోతే కాపాడతాయి. పొరపాటున వర్చువల్ మెషీన్ డిలీట్ చేస్తే మూడు కాపీలూ పోతాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ వచ్చినా అంతే. లెక్క కూడా చూసుకోండి: మూడు సర్వర్లలో తలా 4 టీబీ ఉంటే చేతికొచ్చేది 12 కాదు, 4. అందులో 85 శాతం నిండగానే సెఫ్ హెచ్చరిక మొదలుపెడుతుంది. బ్యాకప్‌కు వేరే మెషీన్ పెట్టండి, వీలైతే వేరే బిల్డింగులో. నెలకోసారి ఏదో ఒక మెషీన్‌ను దాని నుంచి తిరిగి లేపి, అందులోకి లాగిన్ అయి చూడండి.