ఊగే పడవే ఎందుకు మేలు?

హన్మకొండలో మా ఇంటి ముందు కారు ఆగగానే గల్లీ పిల్లలంతా మూగారు. కారు నెత్తిన 17 అడుగుల పొడవు, 22 అంగుళాల వెడల్పు ఉన్న సీ కయాక్, అంటే ఒక్కరే కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి సముద్రపు పడవ. విశాఖలో ఉద్యోగం చేసే నా దోస్తు సంక్రాంతి సెలవులకు దాన్ని మోసుకొచ్చాడు. సముద్రమే లేని రాష్ట్రానికి సముద్రపు పడవెందుకురా అంటే, "కొంటా అంటివి గదా, ముందు కూసొని చూడు" అన్నాడు.

మరునాడు పొద్దున్నే మా ఊరి చెరువుకు పోయాం. అద్దెకిచ్చే వెడల్పాటి ప్లాస్టిక్ కయాక్‌లలో నేను చాలాసార్లు తిరిగాను. వాటిలో కూర్చుంటే నులక మంచం మీద కూర్చున్నట్టే. ఇదేమో కట్ట పక్కన మోకాలి లోతు నీళ్లలోనే అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. థర్మాకోల్ తెప్ప మీద వల తీస్తున్న కాక ఒకాయన చూసి నవ్వాడు.

"గదేంది బిడ్డా, సొరకాయ లెక్క దొర్లుతున్నది!"

నాకూ అలాగే అనిపించింది. మంచంలాంటి పడవే నయం అనుకున్నాను. పదిగంటలయ్యేసరికి మనసు మారింది.

పడవ ఒక పక్కకు ఒరిగితే ఆ పక్కన ఎక్కువ భాగం నీళ్లలోకి దిగుతుంది. నీరు పైకి నెట్టే బలం కూడా అటువైపే జరుగుతుంది. మన బరువేమో ఇంకా మధ్యలోనే కిందికి లాగుతుంటుంది. ఈ రెండింటి మధ్య దూరమే పడవను మళ్లీ లేపి కూర్చోబెడుతుంది. అడుగు వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటే కొంచెం ఒరగ్గానే ఆ దూరం బాగా పెరుగుతుంది. అందుకే గట్టిగా ఉన్నట్టు తోస్తుంది. కానీ అంచు ఒక్కసారి మునిగిందా, ఆదుకోవడానికి ఇంకేమీ మిగలదు. గభాలున బోర్లా పడుతుంది. సీ కయాక్ అడుగు కాస్త గుండ్రంగా, పక్కలు పైకి పోయేకొద్దీ విచ్చుకుని ఉంటాయి. మొదట ఊగుతుంది, నిజమే. ఒరిగేకొద్దీ పక్కభాగం నీళ్లకు ఆనుతుంది, అంతకంతకూ బిగుస్తుంది. మొదటిది తొలి నిలకడ, రెండోది మలి నిలకడ అనుకుందాం. కొనేవాళ్లు ఒడ్డున కూర్చుని చూసేది తొలి నిలకడనే. అక్కడే మోసపోతారు.

ఎందుకంటే అల వచ్చినప్పుడు నీళ్లే ఏటవాలుగా ఉంటాయి. మంచం నేలను పట్టుకుని ఉంటుంది, సరే. నేలే ఒరిగితే? బల్లపరుపు పడవ అల వాలును అంటిపెట్టుకుని, మనిషిని కూడా దాంతోపాటే వంచేస్తుంది. గుండ్రని అడుగున్న పడవ కింద నుంచి అల జారిపోతుంది. నడుము కదులుతుంది, తల నిటారుగా ఉంటుంది. మన చెరువుల్లో ఈ సంగతి తెలియదు. అల పెరగాలంటే గాలికి అడ్డులేని నీళ్ల మైదానం కావాలి. లక్నవరం చుట్టూ గుట్టలు, మధ్యలో దీవులు. గాలి పరుగు అందుకునేలోపే ఆగిపోతుంది. సముద్రంలో దానికి వందల కిలోమీటర్ల దారి ఉంటుంది.

పది కావస్తుండగా పక్క నుంచి గాలి లేచింది. నేను నేరుగా తూము వైపు పోదామనుకుంటే పడవ ముక్కు తనంతట తానే గాలికి ఎదురు తిరుగుతోంది. ఎన్నిసార్లు సరిచేసినా అంతే. దోస్తును అడిగితే చెప్పాడు: ముందుకు పోయే పడవ ముక్కును చీలిన నీళ్లు రెండు పక్కలా ఒత్తిపట్టి ఉంచుతాయి. తోక దగ్గర నీళ్లు వదులుగా, సుళ్లు తిరుగుతూ ఉంటాయి. గాలి రెండు కొసలనూ నెడుతుంది గానీ జరిగేది తోకే. అందుకే వెనకాల అడుగున చిన్న రెక్క ఉంటుంది. దాన్ని స్కెగ్ అంటారు. తాడు సడలించి సగం దించగానే తోకకు పట్టు దొరికింది, పడవ దారికొచ్చింది. గాలికి కొద్దిగా ఎదురు తిరిగే పడవ ఫరవాలేదు. గాలితో పాటు కొట్టుకుపోయేదైతే ఒడ్డుకు రావడం కష్టం.

ఇక తిరగడం. కృష్ణ మీద తిరిగే గుండ్రటి పుట్టికి ముందూ వెనకా లేదు, తెడ్డు వేస్తే చాలు గిర్రున తిరుగుతుంది. పొడుగాటి కయాక్ దానికి పూర్తిగా ఎదురు, రైలులా తిన్నగా పోతుంది. మరి మలపడమెలా? పడవను ఒక అంచు మీదికి ఒరగేసి తెడ్డు వేయాలి. ఒరిగినప్పుడు నీళ్లలో ఉండే ఆకారం మారుతుంది, రెండు కొసల పట్టు సడలుతుంది, పడవ తిరుగుతుంది. అలా ధైర్యంగా ఒరగేయాలంటే మలి నిలకడ ఉండాలి. పొద్దున నన్ను భయపెట్టిన ఊగుడే ఇప్పుడు స్టీరింగ్ అయింది.

పొడవు గురించి ఒక లెక్క ఉంది. నీటిని తాకే పొడవు ఎన్ని అడుగులో దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే, పడవ తేలిగ్గా అందుకోగల గరిష్ఠ వేగం నాట్లలో (పడవల వేగం కొలిచే లెక్క) వస్తుంది. 16 అడుగులకు సుమారు 5.4 నాట్లు, అంటే గంటకు 10 కిలోమీటర్లు. 9 అడుగులకు 4 నాట్లు, ఏడున్నర కిలోమీటర్ల లోపే. అలాగని 18 అడుగులది కొంటే గొప్పేం కాదు. మామూలు మనిషి రోజంతా అంత వేగంగా తెడ్డు వేయలేడు, పొడవు పెరిగేకొద్దీ నీటి రాపిడీ పెరుగుతుంది.

కొలత కుదరడం అంతకన్నా ముఖ్యం. గ్రీన్‌లాండ్ ఇన్యూట్‌లు కొట్టుకొచ్చిన కర్రలతో చట్రం కట్టి, సీల్ చర్మం తొడిగి, వేటగాడి ఒంటి కొలతలతోనే కయాక్ చేసుకునేవారు. దర్జీ బట్టలు కుట్టినట్టన్నమాట. తొడలు, తుంటి, పాదాలు పడవకు ఆనకపోతే దాన్ని ఒరగేయడం కుదరదు. పల్చటి మనిషి పెద్ద పడవ కొంటే అది నీళ్ల మీద ఎత్తుగా తేలి గాలికి తెరచాప అవుతుంది. అందుకే ప్రయాణానికి పట్టుకెళ్లేంత బరువు, పది పదిహేను నీళ్ల సీసాలైనా, వేసి నడిపి చూడాలి. ఎండగా గాలిలేని పూట మాత్రం చూడకూడదు. లైఫ్ జాకెట్ వేసుకుని, కావాలనే ఒకసారి బోల్తా కొట్టించి మళ్లీ ఎక్కి చూడాలి. నేను నాలుగోసారికి ఎక్కాను.

కాక అప్పటికి తెప్పను ఒడ్డుకు తెచ్చి చూస్తున్నాడు. "ఎక్కుతావా కాకా?" అన్నాను. ఎక్కాడు. కిందికి చూడనే లేదు, నడుము వదులుగా పెట్టి మత్తడి దాకా పోయి తిరిగొచ్చాడు. ఊగనే లేదన్నట్టుంది ఆయన వాలకం.

దిగాక, వెనకాల మూత తీసి గాలి చొరబడని అర చూపించాడు దోస్తు. కూర్చునే చోట నీళ్లు నిండినా ముందూ వెనకా ఉన్న ఈ అరలే పడవను తేలుస్తాయని చెప్పాడు. కాక భుజం దాకా చెయ్యి పెట్టి తడిమాడు.

"మంచిగనే ఉన్నది గని, రెండు బొచ్చె చేపలన్న పట్టయి గదా బిడ్డా ఇండ్ల."