చూరుకు వేలాడే వరికుచ్చు

విజయవాడలో డాబా మీద పళ్లెంలో బియ్యం పోసి పిచ్చుక కోసం చూస్తే, ముందు వచ్చేది పావురం. కాసేపట్లో మరో పది దిగి, పళ్లెం ఖాళీ చేసి, రెట్టలు వేసి పోతాయి. పిచ్చుక పిట్టగోడ మీదే కాసేపు ఆగి వెళ్లిపోతుంది. పిచ్చుకలు తగ్గిపోయాయని అనుకుంటాం గానీ, తప్పు చాలావరకు పళ్లెంలోనే ఉంది. పావురానికి కావలసినవి దిగి నిలబడే చదునైన చోటూ, గబగబా మింగే విడి గింజలూ. పళ్లెం ఆ రెండూ అమర్చి పెడుతోంది.

కృష్ణా, గుంటూరు పల్లెల్లో ఇళ్ల చూరుకూ గుడి మండపాలకూ కట్టే వరికంకుల కుచ్చు ఈ చిక్కును ఎప్పుడో విప్పింది. పావురం బరువు సుమారు 300 గ్రాములు. నేల మీద నడవడానికీ, అంచుల మీద నిలవడానికీ పనికొచ్చే కాళ్లు దానివి. ఊగే కంకిని పట్టుకుని అవి వేలాడలేవు. పిచ్చుక 25, 30 గ్రాములే. జినువాయి అనే చిన్న గింజల పిట్ట అంతకన్నా తేలిక. రెండూ కంకికి తలకిందులుగా వేలాడి మరీ తింటాయి. తినే తీరులోనూ తేడా ఉంది. పిచ్చుక తన పొట్టి, లావాటి ముక్కు అంచున వడ్లగింజను ఇరికించి, నాలుకతో తిప్పుతూ ఊక ఒలిచి పడేస్తుంది. పావురం గింజను అలాగే మింగుతుంది. అది మింగిన చిన్న రాళ్ల సాయంతో లోపలి కండర సంచి దాన్ని నలుపుతుంది. అందుకే కుచ్చు కింద ఖాళీ ఊక రాలి ఉంటే తిన్నది చిన్న పిట్టే అనుకోవచ్చు.

కుచ్చుకు కంకులు సార్వా కోతల్లో, నవంబరు, డిసెంబరు నెలల్లో దొరుకుతాయి. కోత మిషను దిగితే పొలంలోనే గింజ రాలిపోతుంది కనుక, అంతకు ముందే గట్టు పక్కన కొంత భాగం కొడవలితో కోసి ఇమ్మని రైతును అడగాలి. కోతకు ముందు పురుగుమందు కొట్టిన చేను వద్దు. అడుగు పొడవు కాడతో 50 కంకులు తీసుకుని, కాడలను మాత్రం అరగంట నీళ్లలో నానబెట్టండి. ఎండిన కాడ వంచితే విరుగుతుంది. కాడలు కలిపి పురికొసతో రెండుచోట్ల బిగించి, కంకులు కిందికి వేలాడేలా మడిచి కట్టి, నీడలో మూడు రోజులు ఆరనివ్వండి. లోపల తడి మిగిలితే బూజు పడుతుంది. పిల్లి ఎగిరి అందుకోలేనంత ఎత్తున, వాన జల్లు కొట్టని చోట వేలాడదీయాలి. దగ్గరలో పెద్ద కిటికీ అద్దం ఉంటే కుచ్చును దానికి మూడడుగుల లోపే కట్టండి, లేదా ముప్పై అడుగుల అవతల. మధ్య దూరాల నుంచి వేగం అందుకున్న పిట్ట అద్దానికి కొట్టుకుని చచ్చిపోవచ్చు.

ఉడుతకు మాత్రం కుచ్చు అడ్డు కాదు. అక్కడ గుంటూరు కారం అక్కరకొస్తుంది. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ మన నరాల్లో వేడిని పసిగట్టే ఒక గ్రాహకాన్ని రెచ్చగొడుతుంది. 1997లో దాన్ని గుర్తించిన పరిశోధనకు నాయకత్వం వహించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి దక్కింది. ఉడుతకూ ఆ మంట తెలుస్తుంది. పక్షుల్లోనూ ఆ గ్రాహకం ఉంది గానీ, క్యాప్సైసిన్‌కు దాదాపు చలించదు. రామచిలుక పండుమిరపను హాయిగా తినేది అందుకే. పక్షుల వల్ల మిరపకూ లాభమే: నమిలే జంతువు పళ్ల కింద నలిగే గింజ, పండును మింగే పక్షుల కడుపులోంచి చెడకుండా బయటపడి మరోచోట మొలుస్తుంది. సజ్జలు, కొర్రలు పెట్టేవాళ్లు వాటిని కాస్త తడిపి, ఎర్రబడేలా కారం పట్టించి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. పొడి కారం పైన చల్లితే గాలికి లేచి మన కళ్లలోనే పడుతుంది. బాగా ఆకలేసిన ఉడుత దీన్నీ లెక్కచేయకపోవచ్చు.

మే నెలలో మాత్రం గింజ కన్నా నీళ్లు ముఖ్యం. పక్షులకు చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పుతూ, ఒంట్లోని నీటిని ఆవిరి చేసుకునే చల్లబడతాయి. అడుగు వెడల్పు మట్టి మూకుడు తీసుకుని, రెండంగుళాలకు మించకుండా నీళ్లు పోసి, మధ్యలో ఒక రాయి ఉంచి, నీడలో పెట్టండి. స్టీలు గిన్నె ఎండకు కాలిపోతుంది. నీళ్లు రోజూ మార్చాలి, మూకుడు లోపలి గోడలను పీచుతో రుద్దాలి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకే అంటుకుని ఉంటాయి కనుక నీళ్లు పారబోస్తే సరిపోదు.

ఈకలు ఉబ్బించుకుని, మింగలేక నోట్లోంచి చొంగ కారుస్తూ కూర్చున్న గువ్వో పావురమో కనిపిస్తే గింజలూ నీళ్లూ రెండు వారాలు ఆపేయండి. అది గొంతు జబ్బు కావచ్చు, ఉమ్మడి పాత్రల ద్వారా పాకుతుంది. పాత్రలను ఒక వంతు ద్రవ బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లలో పది నిమిషాలు ఉంచి, కడిగి, ఎండబెట్టాలి.

లెక్క రాసుకునేవాళ్లు పొద్దున్నే 15 నిమిషాలు కూర్చుంటే చాలు. ఒకే పిచ్చుక ఆరుసార్లు వచ్చి పోతుంది, కాబట్టి వచ్చిన ప్రతిసారీ కలపకుండా, ఒకేసారి కనిపించిన అత్యధిక సంఖ్యనే రాయాలి. నడినెత్తిన బూడిదరంగు, గొంతు కింద నలుపు ఉంటే మగది. ముక్కున పురుగు పట్టుకుని ఎగిరిపోయే పిచ్చుక కనిపిస్తే దగ్గరలో పిల్లలున్నట్టే. తొలి రోజుల్లో వాటికి ముఖ్యంగా పురుగులే కావాలి. ఆ వారాల్లో పెరట్లోని కరివేపాకు చెట్టుకు మందు కొట్టకండి.