టిల్లర్ పట్టబోయే పిల్లలకు

చిరంజీవులందరికీ ఆశీస్సులు.

పెరట్లో కూరగాయల మడి దున్నడానికి, మిరప సాళ్ళ మధ్య కలుపు తీయడానికి వాడే చిన్న పెట్రోలు టిల్లర్ గురించి ఈ ఉత్తరం. మన ఊళ్ళలో పవర్ వీడర్ అంటున్నది దీన్నే. 18 ఏళ్ళు నిండనివాళ్ళు దూరంగా నిలబడి చూసి నేర్చుకోండి, హ్యాండిల్ మాత్రం పట్టకండి.

ముందు మట్టిని చూడాలి, మెషీన్ సంగతి తర్వాత. పిడికెడు మట్టి తీసి గట్టిగా పిసికి, నడుము ఎత్తు నుంచి వదలండి. పొడిపొడిగా విడిపోతే పదును, అంటే దున్నడానికి సరిపడా తేమ, కుదిరినట్టు. ముద్దగానే పడితే ఇంకా ఆరాలి. తడి మీద దున్నిన నల్లరేగడి ఆరాక ఇటుకల్లాంటి బెడ్డలు కడుతుంది, వాటిని పగలగొట్టడానికి మళ్ళీ నాలుగు రోజుల చాకిరీ. బాగా ఎండిన నేలలోనేమో బ్లేడ్లు దిగవు, మెషీన్ ఎగిరెగిరి పడుతుంది. ముందురోజు నీళ్ళు పెట్టి పదునుకు వచ్చాక దించండి.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ అయితే పెట్రోలులో ఆయిల్ కలపకూడదు. ఆయిల్‌కి వేరే చోటుంటుంది. 200 సీసీ ఇంజిన్‌కి దాదాపు 600 మిల్లీలీటర్లు పడుతుంది, మన ఎండలకు 10డబ్ల్యూ-30 రకం ఆయిల్ సరిపోతుంది. మెషీన్‌ని చదునుగా నిలిపి, గేజ్ తుడిచి పెట్టి చూడండి. కొత్త ఇంజిన్‌లో మొదటి 20 గంటలకే ఆయిల్ మార్చాలి, ఎందుకంటే కొత్త భాగాలు రాసుకుని రాలిన సన్నటి ఇనుప రజను అందులో ఉంటుంది. ఆ తర్వాత 100 గంటలకోసారి చాలు. గేర్‌బాక్స్ ఆయిల్ వేరు, దాన్నీ మరిచిపోకండి. టూ స్ట్రోక్ మెషీన్‌కి మాత్రం పెట్రోలులోనే టూటీ ఆయిల్ కలపాలి, ఎంతన్నది దాని పుస్తకంలోనే ఉంటుంది.

స్టార్ట్ చేసేటప్పుడు హ్యాండిల్ మీది క్లచ్ వదిలేసి ఉండాలి, దాన్ని పట్టుకుంటేనే బ్లేడ్లు తిరుగుతాయి. పెట్రోలు ట్యాప్ తిప్పి, చల్లటి ఇంజిన్ అయితే చోక్ మూసి, రేస్ మూడో వంతు పెట్టండి. తాడుని మెల్లగా లాగితే ఒకచోట బిగుసుకుంటుంది. అక్కడి నుంచి ఒక్క ఊపున లాగాలి. లాగాక తాడు చేతిలోంచి వదిలేస్తే టప్పున వెనక్కి కొట్టుకుని లోపలి స్ప్రింగ్ పాడవుతుంది, చేత్తోనే లోపలికి పోనివ్వండి. అంటుకున్నాక చోక్ మెల్లగా తీసి రెండు మూడు నిమిషాలు వేడెక్కనివ్వండి. మూసిన షెడ్డులో ఎప్పుడూ స్టార్ట్ చేయకండి, ఆ పొగలోని విషవాయువుకు వాసనుండదు.

ఇక అసలు విషయం, లోతు. చాలామంది బలమంతా హ్యాండిల్ మీద పెట్టి నొక్కుతారు, సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి. లోతు చూసేది మన బలం కాదు, మెషీన్ వెనకాల నేలలోకి దిగే ఇనుప రాడ్. తిరిగే బ్లేడ్లు మెషీన్‌ని ముందుకు లాక్కుపోతుంటాయి. రాడ్ నేలలో గుచ్చుకుని ఆ పరుగుకు బ్రేక్ వేస్తుంది. ముందుకు పోలేని బ్లేడ్లు కిందికి తవ్వుతాయి. అందుకే రాడ్ దించితే నడక తగ్గి లోతు పెరుగుతుంది, లేపితే నడక పెరిగి లోతు తగ్గుతుంది. రాడ్‌కి వరసగా బెజ్జాలుంటాయి, ఇంజిన్ ఆపి పిన్ను ఒక బెజ్జం అటో ఇటో మార్చి చూడండి. మెషీన్ మిమ్మల్ని లాక్కుని పరుగెత్తుతుంటే ఒక బెజ్జం దించండి. ఉన్నచోటే గొయ్యి తవ్వుకుంటుంటే ఒక బెజ్జం లేపండి. కలుపుకు 3, 4 సెంటీమీటర్లు చాలు. మడికి 15 సెంటీమీటర్లు కావాలంటే ఒక్క సాలులో తవ్వాలని చూడకండి. మొదటిసారి పైపైన, రెండోసారి అడ్డంగా, ఇంకొంచెం లోతుగా.

వెడల్పు కూడా మన చేతిలోనే ఉంది. మిరప సాళ్ళ మధ్య 60 సెంటీమీటర్లుంటే, వేళ్ళు తెగకుండా రెండు పక్కలా 12 చొప్పున వదలాలి. మిగిలేది 36. అంతకు మించకుండా బయటి బ్లేడ్ల సెట్లు రెండువైపులా సమానంగా తీసేయండి. మళ్ళీ బిగించేటప్పుడు కుడిది కుడికి, ఎడమది ఎడమకే. ముందుకు తిరిగేటప్పుడు పదునున్న అంచే మట్టికి తగలాలి. తారుమారైతే మొండి వీపు కొడుతుంది, మెషీన్ అంతా దడదడలాడుతుంది కానీ మట్టి లేవదు.

తుంగ, గరిక ఉన్నచోట జాగ్రత్త. టిల్లర్ వాటిని చంపదు, ముక్కలు చేసి మడంతా చల్లుతుంది. ప్రతి గరిక కణుపూ మళ్ళీ మొలుస్తుంది, తుంగ గడ్డలూ అంతే. అలాంటి చోట ముందు తవ్వి ఏరేయడమే దారి.

గడ్డి బ్లేడ్లకు చుట్టుకుంటే ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్ మీది క్యాప్ పీకేశాకే చేయి పెట్టండి. క్లచ్ వదలగానే బ్లేడ్లు పూర్తిగా ఆగాలి. ఇంకా మెల్లగా తిరుగుతున్నాయంటే క్లచ్ కేబుల్ బిగువు ఎక్కువైంది. క్లచ్ పట్టినా ఇంజిన్ అరుస్తుందే గాని బ్లేడ్లు తిరగకపోతే కేబుల్ వదులైంది, లేదా బెల్ట్ అరిగింది. కేబుల్ మీది లాక్ నట్ వదులు చేసి, అడ్జస్టర్‌ని అర చుట్టు చొప్పున తిప్పి, మళ్ళీ బిగించండి. రివర్స్ ఉన్న మెషీన్‌ని గోడకో చెట్టుకో వీపు పెట్టి వెనక్కి నడపకండి, బ్లేడ్లు నేరుగా కాళ్ళ మీదికి వస్తాయి.

నల్ల పొగ వస్తే చోక్ తీయడం మరిచారేమో, ఎయిర్ ఫిల్టర్ దుమ్ము పట్టిందేమో చూడండి. స్పాంజి ఫిల్టర్‌ని సబ్బు నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, నాలుగు చుక్కల ఇంజిన్ ఆయిల్ అద్ది పిండి పెట్టాలి. తెల్ల పొగ వస్తే ఆయిల్ ఎక్కువ పోశారు, లేదా మెషీన్‌ని పక్కకు పడుకోబెట్టారు. కాసేపు నడిచి ఆగిపోతూ ఉంటే ట్యాంకు మూత వదులు చేసి చూడండి. అప్పుడు బాగా నడిస్తే మూతలోని గాలి రంధ్రం పూడిపోయినట్టే. ఇంజిన్ మిస్సవుతుంటే ప్లగ్ విప్పి మసి తుడిచి, దాని కొనల మధ్య గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో గేజ్‌తో చూడండి.

పని సీజన్ అయిపోయాక ట్యాంకులో పెట్రోలు ఉంచకండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను లాగుతుంది, నెలలు గడిస్తే కార్బురేటర్‌లో జిగురు పేరుకుని పెట్రోలు పోయే సన్నటి రంధ్రం, అంటే జెట్, మూసుకుపోతుంది. ట్యాంకు వంపేసి, ట్యాప్ మూసి, కార్బురేటర్‌లో మిగిలినది అయిపోయి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపండి. బ్లేడ్ల మట్టి కడిగి, ఆరాక పాత ఆయిల్ పూసి, వానపడని చోట పెట్టండి.

ఇట్లు,
మీ పెదనాన్న