‘యూరప్ బట్టలు’ అనేవి లేవు: అపోహలు - వాస్తవాలు

ఫ్రాంక్‌ఫర్ట్‌లో నేను ఆల్టరేషన్ దుకాణం తెరిచి 12 ఏళ్ళయింది. అంతకు ముందు 4 ఏళ్ళు ఇటలీలోని నేపుల్స్‌లో, కోట్లు కుట్టే ఒక పెద్దాయన దగ్గర పనిచేశాను. జర్మనీలో విశ్వవిద్యాలయాల శీతాకాలపు సెమిస్టరు అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి ఏటా ఆ నెలలో మన తెలుగు పిల్లలు నా దుకాణానికి వస్తారు. వాళ్ళ చేతిలో ఊరి నుంచి తెచ్చుకున్న కొత్త బ్లేజరో, మోకాళ్ళ దాకా వచ్చే మందపాటి జాకెట్టో ఉంటుంది. "అక్కా, దీన్ని ఇక్కడివాళ్ళు వేసుకునేలా మార్చగలరా?" అని అడుగుతారు. నలుగురిలో వేరుగా కనిపిస్తామేమోనన్న ఆ భయం నాకూ తెలిసినదే. ఆ భయాన్ని ఆసరా చేసుకుని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ‘యూరప్ వెళ్ళేవాళ్ళు తప్పక కొనవలసిన 40 వస్తువులు’ వంటి జాబితాలను చూస్తే మాత్రం నాకు కోపం వస్తుంది. ఆ జాబితాల వల్ల ఎంత డబ్బు వృథా అవుతున్నదో నా కుట్టుమిషను ముందు కూర్చున్నప్పుడు రోజూ కనిపిస్తూనే ఉంది.

అపోహ: "యూరప్‌లో అందరూ ఒకే తీరుగా, సూటూ బూటుతో ఉంటారు. బయలుదేరే ముందే బట్టలన్నీ కొనుక్కుని వెళ్ళాలి."

అన్నిటికంటే ఎక్కువ నష్టం కలిగించే అపోహ ఇదే కాబట్టి దీని గురించి వివరంగా చెబుతాను.

కిందటి ఏడాది నరసరావుపేట వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి రెండు బ్లేజర్లు, ఒక ఓవర్‌కోటు, ఒక మందపాటి జాకెట్టు పట్టుకుని వచ్చాడు. వాటికి, రెండు జతల తోలు బూట్లకు కలిపి వాళ్ళ నాన్నగారు 60 వేల రూపాయలకు పైగా ఖర్చు పెట్టారట. ఆ అబ్బాయి చదువుతున్నది కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్. తరగతిలో ప్రొఫెసరుతో సహా అందరూ జీన్సు, స్వెటరు, వాన జాకెట్టుతోనే వస్తున్నారని, తాను మొదటి రోజు బ్లేజరు వేసుకుని వెళితే ఎవరో అతిథి ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చారనుకున్నారని చెప్పాడు. బ్లేజరు తొడిగించి చూస్తే భుజాలు రెండు వైపులా ముప్పావు అంగుళం చొప్పున బయటికి దిగి ఉన్నాయి. చేతుల పొడవు తగ్గించవచ్చు, నడుము దగ్గర లోపలికి పట్టవచ్చు. భుజాన్ని సరిచేయాలంటే మాత్రం చేతులు ఊడదీసి, లోపలి ప్యాడ్లు తీసి, చంక గుంటను మళ్ళీ కత్తిరించి కుట్టాలి. దానికయ్యే కూలితో ఇక్కడ సరిగ్గా సరిపోయే బ్లేజరు ఒకటి కొత్తదే వస్తుంది. ఆ మాట చెప్పగానే ఆ పిల్లవాడు అడిగిన మొదటి ప్రశ్న "నాన్నకు ఏమని చెప్పను అక్కా?" అన్నది. ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది. ఒక బ్లేజరు నడుము పట్టి, చేతులు తగ్గించి, ఉద్యోగ మేళాలకు పనికివచ్చేలా చేసి ఇచ్చాను. రెండోది ఊరికి తిరిగి పంపమన్నాను.

అసలు విషయం ఏమిటంటే, ఒక్కొక్క దేశంలో రోజువారీ బట్టలను నిర్ణయించే కారణమే వేరుగా ఉంటుంది. జర్మనీలో ముందు వాతావరణాన్ని చూసుకుంటారు. చెడ్డ వాతావరణం అంటూ ఏదీ లేదు, తప్పుడు బట్టలే ఉన్నాయి అన్న సామెత ఇక్కడా, ఉత్తర దేశాల్లోనూ అందరి నోటా వినిపిస్తుంది. జర్మన్లు ‘ఉల్లిపాయ పద్ధతి’ అని పిలిచే అలవాటు ఒకటి ఉంది: ఒంటికి అంటుకునే పలుచని పొర, దాని మీద ఉన్ని లేదా ఫ్లీసు (ఉన్నిలా మెత్తగా ఉండే కృత్రిమ బట్ట), ఆ పైన గాలినీ వాననూ ఆపే జాకెట్టు. గదులలో, రైళ్ళలో హీటింగ్ వెచ్చగా ఉంటుంది కాబట్టి లోపలికి రాగానే ఒక్కొక్క పొరా తీసేయగలగాలి. మన పిల్లలు తెచ్చుకునే ఒక్క మందపాటి జాకెట్టుతో ఆ వీలు లేదు. వేసుకుంటే చెమట పడుతుంది, తీస్తే లోపల పలుచని చొక్కా ఒక్కటే మిగులుతుంది.

ఇటలీలో ప్రధానమైనది నలుగురి ముందు పొందికగా కనిపించడం. ‘బెల్లా ఫిగూరా’ అనే మాటకు వాళ్ళ దృష్టిలో ఖరీదుతో సంబంధం లేదు. ఇస్త్రీ చేసిన చొక్కా, తుడిచిన బూట్లు, ఒంటికి సరిపడే కుట్టు ఉండాలి. నేను పనిచేసిన చోట కూరగాయలు అమ్ముకునే ఒకాయన ఏడాదికి ఒక్క ప్యాంటు మాత్రమే కుట్టించుకునేవాడు. దాని అంచు బూటు మీద ఎంత వరకు వాలాలో చెప్పడానికి పావుగంట నిలబడేవాడు. నేపుల్స్ దర్జీలు 1930లలోనే కోటు లోపలి ప్యాడ్లనూ లైనింగునూ బాగా తగ్గించి, చొక్కా చేతిని అతికినట్టుగా భుజాన్ని కుట్టడం మొదలుపెట్టారు. అక్కడి ఎండకు ఆ తేలిక కోటు హాయిగా ఉంటుంది. దాన్నే నవంబరులో హాంబర్గ్‌లో వేసుకుంటే గాలికి వణకవలసిందే. ఇటలీలో, స్పెయిన్‌లో థర్మామీటరు కంటే క్యాలెండరును ఎక్కువగా చూస్తారని కూడా గమనించాను. ఋతువు మారగానే అల్మారాలోని బట్టలన్నీ కిందికీ పైకీ మార్చడం ఇంటింటా జరిగే పని. మే 40వ తారీఖు వరకు పైబట్ట తీయవద్దని స్పానిష్‌లో ఒక సామెత ఉంది. అంటే జూన్ మొదటి వారం దాటే దాకా అని అర్థం. ఏప్రిల్‌లో కాస్త ఎండ రాగానే పొట్టి నిక్కరుతో తిరిగేది ఎక్కువగా మనలాంటి బయటివాళ్ళే.

నెదర్లాండ్స్‌లోనూ డెన్మార్క్‌లోనూ సైకిలే బట్టలను నిర్ణయిస్తుంది. కోటు తొక్కుడుకు అడ్డు రాకూడదు, చక్రంలో చిక్కుకోకూడదు, బూటు తడిసినా పాడు కాకూడదు. మామూలుగా ఉండు, అదే కావలసినంత విడ్డూరం అనే అర్థం వచ్చే డచ్ సామెత వాళ్ళ వస్త్రధారణకు అతికినట్టు సరిపోతుంది. డబ్లిన్ సంగతి మళ్ళీ వేరు: జనవరిలో కూడా సగటు ఉష్ణోగ్రత దాదాపు 5 డిగ్రీలు ఉంటుంది, మంచు అరుదు, ఇబ్బందంతా అడ్డంగా కొట్టే వానతోనే. అక్కడికి వెళ్ళే పిల్లలకు మైనస్ 20 డిగ్రీలకు పనికివచ్చే ఈకల జాకెట్టు అంటగట్టడం చాలా అన్యాయం, ఎందుకంటే తడిసిన ఈకలు ముద్దగా మారి వెచ్చదనాన్ని నిలపలేవు. అదే జాకెట్టు హెల్సింకిలో పొడి చలికి చక్కగా పనిచేస్తుంది. ఈ తేడా తెలియకుండా అందరికీ ఒకే జాబితా ఇచ్చేవారిని నమ్మకండి.

కాబట్టి నన్ను అడిగినవారికి నేను చెప్పేది ఇదే. రెండు జతల జీన్సు, నాలుగైదు నూలు చొక్కాలు, ఒక స్వెటరు, నీళ్ళు లోపలికి రాని బూట్లు, మొదటి రెండు వారాలు గడపడానికి ఒక మామూలు జాకెట్టు, లోదుస్తులు, మేజోళ్ళు తెచ్చుకోండి. మిగిలిన డబ్బు చేతిలో ఉంచుకోండి. వచ్చిన రెండు వారాలు మీ తరగతిలో, మీ ట్రాములో, మీ ఆఫీసులో జనం ఏం వేసుకుంటున్నారో చూడండి. తరువాత కొనండి, కొన్నది దర్జీ దగ్గర ఒంటికి సరిచేయించుకోండి. సెకండ్‌హ్యాండ్ దుకాణాలకు వెళ్ళడం ఇక్కడ ఎవరూ నామోషీగా భావించరు. మంచి ఉన్ని కోట్లు నాకు ఎక్కువగా అక్కడే దొరికాయి. కొనేటప్పుడు ముందు భుజం చూడండి. భుజం కుదిరితే మిగతాదంతా మేము సరిచేయగలం.

అపోహ: "సైజు నంబరు యూరప్ అంతటా ఒకటే."

కాదు. స్త్రీల బట్టలలో జర్మనీ 36, ఫ్రాన్సు 38, ఇటలీ 42, బ్రిటన్ 10 దాదాపు ఒకే కొలత. ఇటాలియన్ దుకాణంలో 42 అని చూసి తాము లావెక్కామని కళ్ళనీళ్ళు పెట్టుకున్న అమ్మాయిలను నేను ఓదార్చాను. మగవారి కోట్ల విషయంలో లెక్క సులువు: ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసుకుని సగం చేస్తే జర్మన్, ఇటాలియన్ సైజు వస్తుంది. 100 సెంటీమీటర్ల ఛాతీకి 50. బ్రిటన్‌లో అంగుళాల లెక్క కాబట్టి అదే కోటు 40 అవుతుంది. నంబరును పక్కన పెట్టి మీ ఛాతీ, నడుము, తుంటి, భుజం, కాలి లోపలి పొడవు సెంటీమీటర్లలో రాసుకుని ఫోనులో ఉంచుకోండి. ఐరోపా సమాఖ్య దేశాల్లో ఆన్‌లైన్‌లో కొన్న బట్టలను 14 రోజులలోపు కారణం చెప్పకుండా వెనక్కి ఇచ్చే హక్కు ఉంది. దుకాణంలో వేసి చూసుకుని కొన్నవాటికి చట్టం ఆ హక్కు ఇవ్వదు, అది ఆ దుకాణం ఇష్టం. ఈ తేడా తెలియక నష్టపోయినవారు చాలామంది ఉన్నారు.

అపోహ: "ఫ్రెంచివాళ్ళు బెరే టోపీ, చారల చొక్కా, జర్మన్లు తోలు నిక్కరు వేసుకుని తిరుగుతారు."

బెరే నైరుతి ఫ్రాన్సులోని బెయార్న్ ప్రాంతపు గొర్రెల కాపరుల టోపీ. చారల చొక్కా 1858లో ఫ్రెంచి నౌకాదళం తన నావికులకు యూనిఫారంగా నిర్ణయించినది. అది మాత్రం ఈనాటికీ రోజువారీ బట్టగా మిగిలింది. తోలు నిక్కరు, డిర్న్‌డల్ గౌను బవేరియా, ఆస్ట్రియాల పండుగ బట్టలు. వాటిని హాంబర్గ్ వీధుల్లో వెతకడం వృథా. పారిస్ స్త్రీల స్టైలు పుట్టుకతోనే వస్తుందని చెప్పేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: పారిస్‌లో స్త్రీలు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి కావాలన్న 1800 నాటి ఉత్తర్వు చెల్లదని ప్రభుత్వం లాంఛనంగా ప్రకటించింది 2013లో. ఏనాడో మూలన పడిన ఉత్తర్వే అయినా, నచ్చిన బట్ట వేసుకునే హక్కు కోసం అక్కడి ఆడవాళ్ళు తరతరాలుగా పోరాడవలసి వచ్చిందని అది చెబుతుంది.

అపోహ: "పైబట్టలు బాగుంటే చాలు."

జర్మనీ, పోలండ్, చెక్, స్వీడన్ ఇళ్ళలోకి వెళ్ళేటప్పుడు మన ఇళ్ళలో లాగానే చెప్పులు, బూట్లు గుమ్మం దగ్గర విప్పుతారు. చిరుగులు లేని మేజోళ్ళు వేసుకుని వెళ్ళండి. రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి లోపలికి వెళ్ళాలంటే భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి. ఎండాకాలంలో పలుచని చున్నీ ఒకటి సంచిలో ఉంచుకుంటే గుమ్మం దగ్గరి నుంచి వెనుదిరిగే అవసరం రాదు.

అపోహ: "చీర, బొట్టు ఉంటే చిన్నచూపు చూస్తారు. పెద్దవాళ్ళైనా ప్యాంటు వేసుకోవలసిందే."

పిల్లల పురిటికి, మనవల పెంపకానికి వచ్చే అమ్మలను ఈ మాట ఎంత కలవరపెడుతున్నదో చెప్పలేను. అరవై ఏళ్ళు చీర కట్టిన మనిషికి ఒక్క రోజులో ప్యాంటు తొడిగితే, ఆమె ఇంట్లోంచి బయటికి రావడమే మానుకుంటుంది. వీధిలో ఎవరైనా చూస్తే అది చాలావరకు కుతూహలంతోనే. రైలులో నా చీర అంచు పట్టుకుని ఇది చేతి నేతేనా అని అడిగిన జర్మన్ పెద్దావిడలు ఎందరో ఉన్నారు. ఎప్పుడైనా ఎవరైనా మొరటుగా మాట్లాడితే ఆ తప్పు వాళ్ళది, చీరది కాదు. చీరతో ఇక్కడ వచ్చే అసలు ఇబ్బంది చలి, తడి. దానికి కుట్టుపనిలో పరిష్కారం ఉంది.

రెండేళ్ళ కిందట జనవరిలో తెనాలి నుంచి ఒకావిడ కూతురి పురిటికి వచ్చారు. కూతురు కొనిపెట్టిన ట్రాక్‌ప్యాంటు వేసుకోలేక మూడు వారాలు గడప దాటలేదు. అమ్మాయి ఆమెను నా దగ్గరికి బతిమాలి తీసుకువచ్చింది. "అమ్మగారూ, మీరు చీరే కట్టండి, మిగతాది నాకు వదిలేయండి" అన్నాను. మెత్తటి ఉన్ని బట్టతో మణికట్టు దాకా చేతులు, మెడ కాస్త ఎత్తుగా ఉండే రవికలు రెండు కుట్టాను. లంగాకు లోపల ఫ్లీసు లైనింగు వేసి, దాని కింద ఉన్ని లెగ్గింగు వేసుకోమన్నాను. కుచ్చిళ్ళు తడి మంచు మీద ఈడ్చుకోకుండా చీరను మడమకు నాలుగు వేళ్ళ పైకి కట్టించి, చీలమండలు కప్పే బూట్లు, మోకాలు దిగే ఉన్ని కోటు ఇప్పించాము. ఆ మర్నాడే మనవడిని బండిలో పడుకోబెట్టుకుని ఆమె ఒక్కరే మైన్ నది ఒడ్డుకు నడిచి వెళ్ళారట. ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణానికి ముందు వచ్చి అలాంటి రవిక ఇంకొకటి కుట్టమన్నారు. వచ్చే చలికాలం వియ్యపురాలి వంతు అని, ఆవిడ కొలతలు కాగితం మీద రాయించి తెచ్చారు.