‘కంజర్’ అంటే మంత్రం వేయడమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చే అనువాదాలను సరిదిద్దడం నా పని. అందులో పదేపదే అడ్డం తగిలే క్రియ ఒకటుంది: సి-ఓ-ఎన్-జె-యు-ఆర్-ఇ. నిఘంటువులో ‘మంత్రించు, గారడీ చేయు’ అని కనబడగానే చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇక వాక్యం దేని గురించైనా సరే, అందులోకి ఒక మాంత్రికుడు దూరిపోతాడు.

అపోహ: దీన్ని ‘కంజ్యూర్’ అని పలకాలి.

వాస్తవం: నేటి వాడుకలో ఇది ‘కంజర్’. ఊనిక మొదటి అక్షరం మీద పడుతుంది. అమెరికాలో ‘కాంజర్’ అని కూడా వినిపిస్తుంది. చివర సాగదీసి, అక్కడే ఊనిక ఇచ్చి పలికే ‘కన్‌జూర్’ కూడా ఉంది కానీ, దాని అర్థం వేరు: ఆన పెట్టి అడగడం, ప్రాధేయపడటం. ఇది ఇప్పుడు పాత రచనల్లోనే కనబడుతుంది. అనువాదకులు బోల్తా పడేది కూడా అక్కడే. షేక్‌స్పియర్ నాటకం నాలుగో అంకంలో మాక్‌బెత్ మంత్రగత్తెలను వెతుక్కుంటూ వెళ్లి వాళ్లతో ఈ క్రియే వాడతాడు. దాన్ని ‘మిమ్మల్ని మంత్రిస్తున్నాను’ అని రాస్తే కథ తలకిందులవుతుంది. మంత్రాలు తెలిసినది వాళ్లకు, అతనికి కాదు. అతను అంటున్నది ‘మీ విద్య మీద ఆన, అడిగినదానికి జవాబు చెప్పండి’ అని.

అపోహ: ఇది పుట్టుకతోనే మంత్రతంత్రాల మాట.

వాస్తవం: కాదు, ఒట్టు మాట. మూలం లాటిన్‌లోని ‘కాన్‌యూరారే’, అంటే కలిసి ప్రమాణం చేయడం. కలిసి ప్రమాణం చేసేవాళ్లు ఏదో పన్నాగంలో ఉంటారు కాబట్టి కుట్ర అనే అర్థమూ వచ్చింది. క్రీ.పూ. 63లో రోమ్‌ను కుదిపేసిన కాటిలైన్ కుట్రకు లాటిన్‌లో వాడే మాట ‘కాన్‌యూరాటియో’. న్యాయస్థానంలోని జ్యూరీ, అబద్ధపు సాక్ష్యానికి వాడే పర్జురీ దీని చుట్టాలే. ప్రమాణం నుంచి మంత్రానికి దారి ఇలా పడింది: మొదట పవిత్రమైన పేరు మీద ఆన పెట్టి భూతాన్ని శాసించడం, తరవాత ఆ భూతాన్ని రప్పించడం, ఆ తరవాత లేనిదాన్ని కళ్ల ముందు నిలబెట్టడం. హస్తలాఘవంతో చేసే గారడీ అనే అర్థం చివర చేరింది. ఫ్రెంచిలో ఇదే క్రియకు రాబోయే కీడును తప్పించడం అనే అర్థం కూడా ఉంది. అంటే ఫ్రెంచి తెలిసినంత మాత్రాన ఇంగ్లీషు వాక్యం అర్థమైపోయిందనుకోకూడదు.

అపోహ: భూతాలను పిలిచేవాడు, వేదిక మీద నాణేన్ని మాయం చేసేవాడు ఇద్దరూ ‘కంజరర్’లే కాబట్టి తేడా పట్టించుకోనక్కరలేదు.

వాస్తవం: ఆ తేడా మీద ఒకప్పుడు ప్రాణాలు ఆధారపడ్డాయి. ఇంగ్లండులో 1563 నాటి చట్టం ప్రకారం దుష్టశక్తులను ‘కంజర్’ చేస్తే మరణశిక్ష. 1584లో రెజినాల్డ్ స్కాట్ అనే ఆయన నాణేలు, కత్తులతో చేసే గారడీల గుట్టు విప్పి రాశాడు. జనం అద్భుతమనుకునేదాంట్లో చాలా భాగం హస్తలాఘవమేనని చూపించడం ఆయన ఉద్దేశం. 1735 చట్టం వచ్చేసరికి నేరమే మారిపోయింది. మంత్రవిద్య ఉన్నట్టు నటించడం తప్పయింది, శిక్ష ఏడాది జైలు. ఆ చట్టం 1951 దాకా బతికింది. కాబట్టి పాత పుస్తకంలో ఈ మాట ఎదురైతే అది ఏ కాలానిదో ముందు చూడండి. 16వ శతాబ్దపు నేరారోపణలో ‘గారడీ చేశాడు’ అని రాస్తే ఉరికంబం కాస్తా వినోద ప్రదర్శన అవుతుంది.

అపోహ: వెనక ‘అప్’ ఉన్నా లేకపోయినా ఒకటే.

వాస్తవం: జ్ఞాపకాలు, దృశ్యాల విషయంలో సాధారణంగా ‘కంజర్ అప్’ అంటారు. అప్పుడు కర్త మనిషే కానక్కరలేదు. ఒక పాట, ఒక వాసన, ఒక పేరు ఆ పని చేస్తాయి. ‘ఆ వాసన బడి రోజులను మంత్రించింది’ అని రాసిన ప్రతి నా బల్ల మీదికి వచ్చింది. ‘గుర్తుకు తెచ్చింది’ అంటే సరిపోయేది. వర్ణన బలంగా ఉంటే ‘కళ్లకు కట్టింది’ అనవచ్చు. ఇంతకంటే మంచి సాటి మాట నాకు దొరకలేదు. ఉన్న కాస్త సరుకుతో అప్పటికప్పుడు వంట చేసి పెట్టడానికీ ఇదే క్రియ వాడతారు. అందులో మెచ్చుకోలు ఉంటుంది. అదే క్రియ లెక్కలకో సాక్ష్యానికో తగిలిందంటే మాత్రం ఆరోపణే: అవి గాల్లోంచి పుట్టించినవి, కల్పితాలు అని. కర్మ ఏమిటో చూడకుండా తెలుగు మాట ఎంచుకోవద్దని నేను మొత్తుకునేది ఇందుకే.

అపోహ: ‘ఎ నేమ్ టు కంజర్ విత్’ అంటే పేరుతో చేసే మోసం.

వాస్తవం: పూర్తిగా వ్యతిరేకం. చెబితే చాలు, ఎదుటివాళ్లు సర్దుకుని కూర్చునే పేరు. ‘పలుకుబడి ఉన్న పేరు’ అనండి.

ఇక కాంజుగేట్, కంజెక్చర్ అనే మాటలు చూడటానికి దగ్గరగా ఉన్నా దీనికి చుట్టాలు కావు. మొదటిది కాడికి సంబంధించిన ధాతువు నుంచి, రెండోది విసరడం అనే ధాతువు నుంచి వచ్చాయి. గారడీవాడి పేరు చివర ‘ఇ-ఆర్’ రాయాలా, ‘ఓ-ఆర్’ రాయాలా అని కూడా అడుగుతుంటారు. రెండూ ఒప్పే. ఒక పుస్తకంలో ఒకటే వాడండి.