మూతికి తాడు మెలిపెడితే గుర్రం ఎందుకు కదలదు?

గుర్రం పై పెదవికి తాడు మెలిపెట్టి పట్టుకున్న వీడియోలు మళ్లీ తిరుగుతున్నాయి, కింద మళ్లీ అదే గొడవ. హింస అని ఒకరు, ఎండార్ఫిన్లు (శరీరం తనే తయారుచేసుకునే, మార్ఫిన్‌లా నొప్పిని తగ్గించే పదార్థాలు) వస్తాయి కాబట్టి గుర్రానికి హాయిగానే ఉంటుందని ఇంకొకరు.

హాయి వాదం వాళ్లు చూపించేది 1984లో 'సైన్స్' పత్రికలో వచ్చిన డచ్ పరిశోధన. ట్విచ్ (ఆ మెలితాడు పేరు అదే) వేస్తే రక్తంలో బీటా ఎండార్ఫిన్ పెరిగింది, మార్ఫిన్, ఎండార్ఫిన్లు వెళ్లి అతుక్కునే రిసెప్టర్లను మూసేసే నలాక్సోన్ అనే మందు ఇస్తే ట్విచ్ ప్రభావం తగ్గింది. అంతవరకు ఒప్పుకోవాల్సిందే.

కానీ అసలు మలుపు అంతకు నాలుగేళ్ల ముందే వచ్చింది. 1980లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో లూయిస్, కానన్, లీబెస్కిండ్ ఎలుకల పాదాలకు కరెంటు షాకులిచ్చారు, కొన్నిటికి ఆగి ఆగి 30 నిమిషాలు, కొన్నిటికి ఆపకుండా 3 నిమిషాలు, తప్పించుకునే దారి మాత్రం దేనికీ లేదు. తర్వాత తోకకు వేడి తగిలిస్తే రెండు రకాల ఎలుకలూ ఆలస్యంగానే లాక్కున్నాయి, అంటే నొప్పి తెలియడం తగ్గింది. నలాక్సోన్ మాత్రం 30 నిమిషాల రకాన్నే అడ్డుకుంది, 3 నిమిషాల రకం దానికి లొంగలేదు. అంటే ఒత్తిడిలో నొప్పిని అణిచే దారులు ఒకటికి మించి ఉన్నాయి, వాటిని తెరిచింది మాత్రం హాయి కాదు, షాకు.

లోపల జరిగేది ఇదీ. ప్రమాదం కబురు మెదడులో భయాన్ని, ఒత్తిడిని చూసుకునే అమిగ్డలా, హైపోథాలమస్‌ల నుంచి మెదడు కాండంలోని పెరియాక్విడక్టల్ గ్రే అనే చోటికి చేరుతుంది, అక్కడి నుంచి ఆ కాండం కింది భాగమైన మెడుల్లా మీదుగా వెన్నుపాములోకి దిగి, పైకి పోబోతున్న నొప్పి సంకేతాన్ని అక్కడే తొక్కేస్తుంది. గాయమైన జింక నొప్పి చూసుకుంటూ నిలబడితే పులికి దొరికిపోతుంది కదా, అందుకే ఈ ఏర్పాటు. నలాక్సోన్‌కు లొంగని ఆ 3 నిమిషాల షాకు చిక్కుముడి 2005లో విడింది: అక్కడ పనిచేసేది శరీరం తనే తయారుచేసుకునే, గంజాయి మత్తుపదార్థంలా పనిచేసే కానబినాయిడ్లట.

ఇక గుర్రాల దగ్గరికొస్తే, 2017లో వచ్చిన ఇంకో అధ్యయనంలో పెదవికి ట్విచ్ వేసిన మొదటి 5 నిమిషాలు గుండె వేగం తగ్గింది, ఆ తర్వాత పెరిగింది. చెవిని మెలిపెడితే ఆ కాస్త తగ్గుదల కూడా లేదు, గుండె వేగంతోపాటు ఒత్తిడి హార్మోను కార్టిసాల్ కూడా పెరిగింది. హాయి వాదం వాళ్లు 1984 దగ్గరే ఆగిపోతున్నారు, ఆ వీడియోల్లో తాడు ఎంతసేపు బిగించి ఉంచారో అడిగేవాళ్లూ లేరు.