మట్టి కప్పితే మొలవని పాపీ

చలికాలం మొదలవగానే డెల్టా ఊళ్ల నుంచి తరచూ వినపడే ప్రశ్న ఇది: "పాపీ పూల విత్తనాలు చల్లి, మట్టి కప్పి, ఎండ తగలకుండా కొబ్బరి పొట్టు కూడా పరిచాం. ఒక్కటీ లేవలేదు, విత్తనం పాతదా?" విత్తనం మంచిదే. కప్పడమే తప్పు.

ముందుగా ఒక హెచ్చరిక. వంటింటి గసగసాలు పెరట్లో చల్లొద్దు. అవీ ఒక రకం పాపీ గింజలే, కానీ నల్లమందు మొక్కవి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా సాగు చేస్తే నేరం. ఇంట్లో వేసుకోవాల్సింది ఎర్ర షర్లీ పాపీ, లేదా నారింజ రంగు కాలిఫోర్నియా పాపీ. రెండో దానికి వెలుతురు పట్టింపు తక్కువ, రెండు మూడు మిల్లీమీటర్ల మట్టి కప్పినా లేస్తుంది. చేలగట్ల మీద పసుపు పూలతో, ముళ్లతో కనిపించే బలురక్కసి కూడా ఈ కుటుంబానిదే.

షర్లీ సంగతి వేరు. గ్రాముకు సుమారు 10,000 గింజలు తూగుతాయి. అంత చిన్న గింజలో మొలక పైకి రావడానికి నిల్వ ఉన్న తిండి ఎంతని? లోతులో మొలిస్తే దారిలోనే చస్తుంది. అందుకే పైన ఉన్నానా, కింద ఉన్నానా అని గింజ తేల్చుకోవాలి. ఆ పని ఫైటోక్రోమ్ అనే వర్ణకానిది. దాన్ని కాలువ తూము షట్టర్ అనుకోండి. 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఎర్ర వెలుతురు పడితే షట్టర్ లేస్తుంది, గింజ మొలుస్తుంది. 730 దగ్గరి దూర ఎరుపు, అంటే కంటికి దాదాపు ఆనని ఎరుపు, పడితే దిగుతుంది, గింజ నిద్రలోనే ఉంటుంది. ఎన్నిసార్లు ఎత్తి దించినా, చివరిసారి ఎటు ఉందన్నదే లెక్క. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో లెట్యూస్ అనే ఆకుకూర గింజల మీద ఇదే చూపించారు. మట్టి కింది చీకట్లో వదిలేస్తే షట్టర్ నెమ్మదిగా తనంతట తానే దిగిపోతుంది. ఆకులు ఎర్ర వెలుతురును తాగేసి దూర ఎరుపును కిందికి వదులుతాయి కాబట్టి, బంతి గుబురు కింద చల్లిన గింజకూ "దించు" అన్న కబురే అందుతుంది. మట్టిలో పడి ఏళ్ల తరబడి నిద్రపోయిన గింజలు దున్నగానే లేవడమూ ఈ లెక్కే. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగులు తిరగేసిన నేలలో ఎర్రపూలు విరగబూశాయి.

మన పాఠాల్లో మొలకకు నీరు, గాలి, వెచ్చదనం చాలంటాం. తడిగుడ్డలో పెసలు మొలకెత్తించి చూపించి వదిలేస్తాం. పెసరకు వెలుతురు అక్కర్లేదు, అందుకే పిల్లలకు ఈ సంగతే తెలీదు. మొలవకపోతే పెద్దలేమో చేతివాసి అంటారు. చేతిది కాదు, లోతుది.

తుపాన్లు వెనకబట్టాక, కార్తీకం చివర్లో వేయాలి. మట్టి 25 డిగ్రీలు దాటితే మొలక తగ్గుతుంది. డెల్టా ఒండ్రు బంకమన్ను వేరును ఉక్కిరిబిక్కిరి చేస్తుంది కాబట్టి సగానికి సగం గోదావరి ఇసుక, గుప్పెడు మాగిన పశువుల ఎరువు కలపండి. యూరియా వద్దు, ఆకే వస్తుంది. కుండీ లోతు అడుగైనా ఉండాలి. ముందే మట్టిని తడిపి, చిటికెడు గింజలు పిడికెడు పొడి ఇసుకతో కలిపి చల్లి, అరచేత్తో అదమండి. పైన ఏమీ కప్పొద్దు. నీళ్లు తుంపర మాత్రమే, అదీ పొద్దున్నే. సాయంత్రం తడిపితే రాత్రంతా తేమ నిలిచి మొలక మెడ దగ్గర నీరుపట్టి, దారంలా సన్నబడి ఒరిగిపోతుంది. అది నారుకుళ్లు, బూజు పని.

రెండు వారాల్లో మొలకలొస్తాయి. జానెడుకొకటి ఉంచి మిగతావి కత్తెరతో నేలమట్టానికి కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. తల్లివేరు తెగితే పాపీ కోలుకోదు, నర్సరీ నారు నాటితే వాడిపోయేదీ అందుకే. నారే కావాలంటే కాగితం కప్పులో వేసి, నాలుగాకులు రాకముందే కప్పుతో సహా పాతండి.

విత్తనం కోసం ఒక్క మొక్క చాలదు. షర్లీ తన పుప్పొడిని తానే తిరస్కరిస్తుంది. కనీసం నాలుగైదు పక్కపక్కన ఉండి, తేనెటీగలు రావాలి. కాయ గోధుమరంగుకొచ్చి, మూత కింద చిన్న రంధ్రాలు తెరుచుకుని, ఊపితే గలగలలాడినప్పుడు కాడతో కోసి కాగితం సంచిలో తలకిందులుగా దులపండి. మార్చి ఉక్కకు గింజ తేమ పీలుస్తుంది. వేయించి చల్లార్చిన బియ్యం రెండు చెంచాలు గుడ్డలో మూటకట్టి సీసాలో వేసి, గింజల పొట్లం దానిమీద పెట్టి బిగించండి.